గుంపుని గీసిన చెయ్యి

సూపర్ హీరో కామిక్స్ మంచిదో కాదో తేల్చడానికి నా దగ్గర ఒకటే పరీక్ష ఉంది. హీరోని చూడను. హీరో ఆకాశంలో కొట్లాడుతుంటే కింద పరుగెత్తే జనాన్ని చూస్తాను. హీరోని ఎవరైనా గీస్తారు. ఛాతీ, కండలు, బిగించిన పిడికిలి, భుజాల వెనక ఎగిరే దుప్పటి, ఇవన్నీ కొన్నాళ్ళు సాధన చేస్తే వచ్చేస్తాయి. కింద పరుగెత్తే ముసలాయన కళ్ళజోడు జారకుండా పట్టుకున్నాడా? తోపుడుబండివాడు బండిని వదిలేసి పారిపోయాడా, వదలలేక నిలబడ్డాడా? ఎవరి చెప్పయినా తెగిందా? ఇవి గీసినవాళ్ళే నా దృష్టిలో చిత్రకారులు. ఈ మాట ఇరవై ఏళ్ళుగా అంటున్నాను. దీనికోసం చాలామందితో పోట్లాడాను. ఇకముందు కూడా పోట్లాడతాను.

ఇప్పటి సినిమాల్లో చూడండి, ఊళ్ళకు ఊళ్ళు కూలిపోతాయి, ఒక్కడి చొక్కా గుండీ ఊడదు. మేడలు పడిపోతే జనం ఏమైపోయారని అడిగే నాథుడు లేడు. అందరూ అందలం ఎక్కితే మోసేవాళ్ళెవరని మన పెద్దలు ఊరికే అనలేదు. అందలం ఎక్కిన హీరో ఒక్కడే, మోసేవాళ్ళని గీయడానికే ఎవరికీ ఓపిక లేదు. నాకు ఈ పిచ్చి పట్టించింది ఒక పుస్తకం. అందులో ఒక పేజీ. ఆ పేజీలోని గుంపుని గీసింది ఎవరో తెలుసుకోవడానికి నాకు పదిహేనేళ్ళకు పైగా పట్టింది.

మేము రాయపూర్ రైల్వే కాలనీలో ఉండేవాళ్ళం. నాన్న శ్రీకాకుళం వైపునుంచి వచ్చి వ్యాగన్ల మరమ్మతు షాపులో ఫిట్టరుగా చేరాడు. ఇంట్లో తెలుగు, గడప దాటితే హిందీ, సంతకెళ్తే ఛత్తీస్‌గఢీ. కొత్త రాష్ట్రం వచ్చి మా ఊరు రాజధాని అయిన రోజుల్లో నేను ఆరో తరగతి. స్టేషన్ రోడ్డులో ఒకాయన పాన్ డబ్బా పక్కన తాడు కట్టి, దాని మీద హిందీ కామిక్స్ వేలాడదీసి అద్దెకిచ్చేవాడు. ఆయన దగ్గరికి వచ్చే ఆడపిల్లని నేనొక్కదాన్నే. మొదట్లో నా చేతిలో రాజకుమారి కథలు పెట్టేవాడు. నేను తల అడ్డంగా ఊపి, పైనున్న వాటిని చూపించేదాన్ని. తర్వాత తర్వాత ఆయనే కొత్తది రాగానే నాకోసం పక్కన పెట్టడం మొదలుపెట్టాడు.

ఆ కామిక్స్‌లో మా దక్షిణాదివాళ్ళం కూడా ఉండేవాళ్ళం. ఎలాగంటే, నుదుటి నిండా విభూతి, బొజ్జ, నోరు తెరిస్తే "అయ్యయ్యో". రాక్షసుడు రాగానే ముందు బెదిరి పడిపోయేవాడు అతనే. పిల్లలు నవ్వడానికి. బళ్ళో కూడా నన్ను చూసి అలాగే "అయ్యయ్యో" అనేవాళ్ళు. నాకు ఒళ్ళు మండేది. అయినా చదవడం మానలేదు. ఇష్టమైన కూరలో రాయి తగిలిందని కూర పారేస్తామా?

అప్పుడు వచ్చింది ఆ పుస్తకం. కథ గొప్పదేం కాదు. ఇనుము తినే ఒక రాక్షసుడు రైల్వే యార్డు మీద పడతాడు, హీరో వచ్చి వాణ్ణి ఎత్తి కుదేస్తాడు. మధ్యలో ఒక పేజీ మొత్తం జనం. అందులో ఒకావిడ ఉంది. మిగతా కామిక్స్‌లో ఆడవాళ్ళకి కొంగు తల మీదే ఉండేది. ఈవిడకి కొంగు ఎడమ భుజం మీదుగా వెనక్కి వెళ్ళి, చివర తిరిగొచ్చి నడుము దగ్గర బిగించి ఉంది. జడలో మల్లెపూలు. చంకలో పిల్ల. కుడి చేతిలో టిఫిన్ కారియర్, అంత పరుగులోనూ వదలలేదు. ఆవిడ అరవడం లేదు, ఏడవడం లేదు. పరుగెత్తుతూనే మెడ తిప్పి వెనక్కి చూస్తోంది. మా వీధిలోని మనిషిని అచ్చులో చూడటం నాకదే మొదటిసారి. ఎంత గర్వమేసిందంటే, ఆ పుస్తకం బళ్ళోకి పట్టుకెళ్ళి, నన్ను ఏడిపించేవాళ్ళందరికీ ఆ పేజీ చూపించాను. వాళ్ళకి ఏం అర్థమయిందో తెలియదు, నాకు మాత్రం కడుపు నిండిపోయింది.

నాన్నకి నా కామిక్స్ అంటే పడదు. "ఫాల్తూ పుస్తకాలు" అనేవాడు. ఆ రోజు దాన్ని నా చేతిలోంచి లాగేసుకుని పక్కన పడేయబోయి ఆగాడు. దీపం కిందికి తీసుకెళ్ళి చూశాడు.

"ఏటే అమ్మలూ ఇది! వ్యాగన్ మీద నంబరు సరిగ్గా రాసీసినాడు!"

బొమ్మలో ఒక గూడ్సు వ్యాగన్ పక్కకి ఒరిగి ఉంది. దాని ఒంటి మీద నంబరు, ఖాళీ బరువు, మళ్ళీ మరమ్మతుకు రావలసిన తేదీ, అన్నీ ఎక్కడ ఉండాలో అక్కడే ఉన్నాయి. అంతకుముందు నాన్న చూసిన బొమ్మల్లో రైలంటే నాలుగు చక్రాల మీద పెట్టిన అగ్గిపెట్టె.

"ఇది బయటోడు గీసింది కాదు. లోపల పనిచేసినోడే. ఆవిడ చీర సూడు, మల్లెపూలు సూడు. పక్కా మనోడే!"

"అట్ట మీద వేరే పేరుంది కదా నాన్నా" అన్నాను. అట్ట మీద ఒక ప్రసిద్ధ చిత్రకారుడి పేరు ఉంది. ఉత్తరాదివాడు, రైల్వేకీ తెలుగుకీ ఆయనకీ ఏ సంబంధం లేదు.

నాన్న నవ్వాడు. "పేరు ఎవుడిదైతే ఏటే? మా షాపులో పేరు ఫోర్‌మన్‌ది, పని మాది."

పెద్దయ్యాక కామిక్స్ గురించి ఎన్నో చర్చలు విన్నాను. కానీ ఎవరు ఏది గీశారన్న విషయంలో మా నాన్న అన్న ఆ మాటకి మించినది ఇంతవరకు వినలేదు. నేను మళ్ళీ పుస్తకం తెరిచి చూశాను. నిజమే. హీరో బొటనవేలు మొద్దుగా ఉంది, గీత చివర లావుగా ఆగిపోయింది. గుంపులో వేళ్ళన్నీ సన్నగా ఉన్నాయి, గీత చివరికొచ్చేసరికి పలచబడి పోతోంది. ఒకే పేజీలో రెండు చేతులు. ఆ రోజునుంచి నేను కామిక్స్ చదివే పద్ధతే మారిపోయింది. ముందు గుంపు, తర్వాతే హీరో.

నాన్న అంతటితో ఆగే రకం కాదు. ఆయనకి లెక్క సులువుగా కుదిరిపోయింది. చీర మనది, వ్యాగన్ మనది, కాబట్టి గీసింది మన షాపులో పనిచేసిన తెలుగువాడు. షాపంతా అడిగాడు. చివరికి ఒక పెయింటరు దొరికాడు. రిటైరై భన్‌పురిలో కొడుకు దగ్గర ఉంటున్నాడు. ఉద్యోగమున్నన్నాళ్ళూ వ్యాగన్ల మీద నంబర్లు రాసిన మనిషి. "కామిక్స్‌కి బొమ్మలు గీసింది మీరేనా?" అని నాన్న అడిగితే, ఆయన కాసేపు ఆలోచించి, "ఏదో, ఆ రోజుల్లో చాలా గీసినాం" అన్నాడట. నాన్నకి అది చాలు.

మనవాళ్ళకి ఒక గొప్పవాడు దొరికితే ఏం చేస్తాం? శాలువా కప్పుతాం. ఆ ఏడు ఉగాదికి మా తెలుగు సంఘంవాళ్ళు ఆయన్ని వేదిక మీద కూర్చోబెట్టారు. నేను అప్పుడు తొమ్మిదో తరగతి. సన్మాన పత్రం నాతో చదివించారు. నాకు తెలుగు అక్షరాలు సరిగ్గా రావు, మా కాలనీ పిల్లలందరిలాగే తెలుగు మాటల్ని హిందీ అక్షరాల్లో రాసుకుని చదివేదాన్ని. "జాతి గర్వించదగ్గ కళాకారుడు" అని గొంతెత్తి చదివాను. చప్పట్లు. శాలువా, దండ, జ్ఞాపిక. పెయింటరుగారు చేతులు జోడించి నిలబడ్డారు, కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

భోజనాల దగ్గర నేను నోటుపుస్తకం పట్టుకుని ఆయన దగ్గరికి వెళ్ళాను. "తాతగారూ, ఆ టిఫిన్ కారియర్ ఆవిడని ఒక్కసారి గీసివ్వరా?" అన్నాను. ఆయన పెన్ను తీసుకుని చాలాసేపు కాగితం వంక చూశారు. తర్వాత ఒక వ్యాగన్ నంబరు రాశారు. స్కేలు లేకుండా, అచ్చు వేసినట్టు, అంత నిటారుగా. కింద ఖాళీ బరువు రాశారు. పుస్తకం నా చేతికిచ్చి, "ఇదొక్కటే వచ్చును తల్లీ" అన్నారు, నాకు మాత్రమే వినబడేలా.

ఆ ఒక్క మాటతో నాకు తెలిసిపోయింది. అయినా నాన్నకి చెప్పలేదు. జీవితమంతా నంబర్లు రాసిన మనిషికి ఎవరూ ఒక్క దండ వెయ్యలేదు. ఒక్కరోజు వేశారు, పొరపాటున వేశారు. దాన్ని మెడలోంచి లాగేయడానికి నాకు నోరు రాలేదు. ఆయన తర్వాత కొన్నేళ్ళకి పోయారు. మా నాన్న మాత్రం ఎవరు కనబడినా "ఆ బొమ్మలు మా పెయింటరే గీసీసినాడు" అని చెప్పడం మానలేదు.

నా ప్రశ్న నాతోనే ఉండిపోయింది. చదువైంది, ధర్సీవాలో ప్రభుత్వ బడిలో టీచరుగా చేరాను, పెళ్ళయింది. పాత కామిక్స్ ఎక్కడ కనబడినా కొన్నాను. ఆ సన్నగీత చెయ్యి ఇంకా పదకొండు పుస్తకాల్లో దొరికింది. ప్రతి దాంట్లోనూ అట్ట మీద ఆ ప్రసిద్ధుడి పేరే. ఫోన్లలో అభిమానుల గుంపులు మొదలయ్యాక, నేను బొమ్మలు పక్కపక్కన పెట్టి రాశాను. హీరో ఒకరిది, జనం ఇంకొకరిది, ఆ రెండో మనిషి తెలుగువాడు, వాడి పేరు అచ్చులో రావాలి.

నవ్వారు. "దీదీ, వెనకున్న జనం కోసం ఎవరైనా కామిక్స్ కొంటారా?" అన్నాడొకడు. "సౌత్‌వాళ్ళకి అన్నిచోట్లా సౌతే కనిపిస్తుంది" అన్నాడు ఇంకొకడు. నేను ఊరుకునే మనిషిని కాదు. "నేను చెప్పింది తప్పని తేలితే కామిక్స్ గురించి మళ్ళీ నోరెత్తను, ఈ గుంపులోంచి వెళ్ళిపోతాను. నిజమని తేలితే మీరందరూ ఆ పేరు ఒప్పుకోవాలి" అని రాసేశాను. రాశాక కొంచెం భయమేసింది. ముప్ఫై ఏళ్ళు కూడా లేని దాన్ని, ఉన్న ఒక్క పిచ్చినీ పందెంలో పెట్టాను.

ఆ ఏడాదే మా ఊళ్ళోనే తెలీబంధాలో, చెరువుకి ఎదురుగా ఉన్న హాల్లో, అభిమానులందరూ కలిసి సమావేశం పెట్టారు. ఆ ప్రసిద్ధ చిత్రకారుడు ముఖ్య అతిథి. నాన్న తనూ వస్తానన్నాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు, జేబులో పెయింటరుగారి సన్మానం ఫోటో పెట్టుకున్నాడు.

"అందరి ముందరా ఆయనచేతే ఒప్పిస్తాను సూడు, గీసింది మా పెయింటరే అని."

దారంతా చెప్పేద్దామనుకుంటూనే ఉన్నాను. చెప్పలేకపోయాను. నా పందెం నా మెడ మీద ఉంది, నాన్న గర్వం ఆయన జేబులో ఉంది.

చిత్రకారుడు బాగా ముసలాయన. మంచి మాటకారి. హీరో ముక్కు ఎలా తయారైందో చెప్పి నవ్వించారు. ప్రశ్నల వంతు రాగానే నేను లేచాను. ఫోన్ గుంపులో నన్ను ఏడిపించినవాళ్ళు నాలుగు వరసల వెనకే కూర్చున్నారు. పుస్తకం పైకెత్తి, ఆ పేజీ చూపించి అడిగాను. "ఈ జనాన్ని గీసింది మీరు కాదు. ఎవరు?"

ఆయన కళ్ళజోడు పెట్టుకుని చూశారు.

"ఓ, అదా! అది మా ఆవిడ. నాకు టైము ఉండేది కాదు. ఖాళీలు నింపి పెట్టేది."

హాలంతా నవ్వింది. ఆయన కూడా నవ్వారు. ముందు వరసలో, ఒళ్ళో ఆయన సంచీ పెట్టుకుని ఒక పెద్దావిడ కూర్చుని ఉంది. అందరూ నవ్వుతున్నారని ఆవిడా కొంచెం నవ్వింది.

నాకు గెలిచానన్న ఆనందం, ఒళ్ళు మంట, రెండూ ఒకేసారి వచ్చాయి. "ఖాళీలు కావు సార్. పుస్తకం అదే" అన్నాను మైకులోనే. ఆ తర్వాత ఎవరేం అడిగారో నేను వినలేదు.

కార్యక్రమం అవగానే నాన్నని వెంటబెట్టుకుని ఆవిడ దగ్గరికి వెళ్ళాను. తెలుగులోనే అడిగాను. "అమ్మా, మీరు తెలుగువారా?"

ఆవిడ నా మొహం వంక చూసింది. "నోనీ, మోర్ మైకే ఇహేంచ్ హే" అంది. అమ్మాయీ, నా పుట్టిల్లు ఇక్కడే అని. అచ్చమైన ఛత్తీస్‌గఢీ.

నాన్న మొహం వాడిపోయింది. నాది కూడా వాడిపోయే ఉంటుంది.

ఆవిడ హిందీలో చెప్పుకొచ్చింది. వాళ్ళ నాన్న యార్డులో పట్టాలు మార్చే పాయింట్స్‌మన్. వంటింటి కిటికీలోంచి పొద్దస్తమానం వ్యాగన్లే కనబడేవట, చిన్నప్పుడు వాటి మీది నంబర్లు చూసే అంకెలు నేర్చుకుందట. అమ్మ లేని పిల్ల. పక్క క్వార్టరులో తెలుగువాళ్ళు. ఆ ఇంటావిడ రోజూ మధ్యాహ్నం భర్తకి షాపుకి అన్నం పట్టుకెళ్ళేది. చంకలో సొంత పిల్ల, చేతిలో కారియర్.

"పరుగెత్తుతూ వెనక్కి ఎందుకు చూస్తోంది?" అని అడిగాను. ఎన్నేళ్ళుగానో నన్ను తినేస్తున్న ప్రశ్న అది.

"నేను వెనకాల వస్తున్నానా లేదా అని. ఆమె ఎక్కడికి వెళ్ళినా నేను వెంటపడేదాన్ని. పట్టాలు దాటేటప్పుడు రోజూ అలాగే తిరిగి చూసేది" అంది. ఆ తర్వాత తెలుగులో, ఒక్కో మాటా వెతుక్కుంటూ, "అన్నం... తిన్నావా... అని అడిగేది" అంది.

నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు. మనవాడే గీశాడని ఇన్నాళ్ళూ గర్వపడ్డాం. మనవాడు మనని గీస్తే అందులో ఏముంది, కాకి పిల్ల కాకికి ముద్దు. పరాయి ఇంటి పిల్ల మన ఇంటావిడని అంత శ్రద్ధగా చూసి, గుర్తుపెట్టుకుని, దేశమంతా అమ్ముడుపోయే పుస్తకంలో నవ్వులపాలు కాకుండా నిలబెట్టింది. అన్నం పెట్టిన చెయ్యి మనది, గీసిన చెయ్యి ఆమెది. ఆ గర్వం ముందరి గర్వం కన్నా పెద్దదని నాకు అక్కడే అనిపించింది, ఇప్పటికీ అలాగే అనిపిస్తుంది.

నాన్న జేబులోని ఫోటో తియ్యలేదు. పక్కకి వచ్చి మెల్లగా అన్నాడు. "అయితే మన పెయింటర్‌కి శాలువా ఊరికే కప్పీసినామా?"

"ఊరికేం కాదు నాన్నా. పేరు లేకుండా పనిచేసినవాడికే కప్పారు. మనిషి మారాడంతే."

"అదీ నిజమే" అన్నాడు నాన్న. ఫోన్ గుంపులో కూడా నేను అదే నిజాయితీగా రాశాను. చెయ్యి వేరన్న మాటలో గెలిచాను, తెలుగుదన్న మాటలో ఓడిపోయాను, కాబట్టి వెళ్ళిపొమ్మంటే సగమే వెళ్తాను అని. ఎవరూ వెళ్ళిపొమ్మనలేదు. ఈ జ్ఞాపకం రాస్తానని ఆవిడకి చెబితే ఒప్పుకుంది గానీ తన పేరు మాత్రం వద్దంది. "పేరు వేస్తే పుస్తకం మీద వెయ్యమను. పక్క కాగితాల మీద ఎందుకు?" అంది. ఆ పౌరుషం నాకు నచ్చింది. అందుకే ఇక్కడ ఎవరి పేరూ లేదు.

ఆ రోజు చివర్లో సంతకాలు. చిత్రకారుడు బల్ల దగ్గర కూర్చున్నారు, హాలు సగం ఆయన ముందు వరస కట్టింది. ఆవిడ పక్క కుర్చీలో కూర్చుని ఆయనకి పెన్నుల మూతలు తీసి అందిస్తోంది. నా వంతు వచ్చింది. నేను పుస్తకాన్ని ఆయన ముందునుంచి జరిపి ఆవిడ ముందు పెట్టాను.

"నేనా?" అంది.

"మీరే."

ఆయన పక్కకి తిరిగి చూశారు. కాసేపటికి తన చేతిలోని పెన్ను తనే ఆవిడకి ఇచ్చారు. ఆవిడ గుంపు పేజీ తెరిచి, అట్టడుగున ఒక రాయి నీడలో, చీమ తలకాయంత అక్షరాలతో పేరు రాసింది.

"ఇంత చిన్నగానా అమ్మా?" నాకు కోపం ఆగలేదు.

"అలవాటు నోనీ. ఆయన బొమ్మకి అడ్డం రాకూడదని."

"ఒక్కసారి అడ్డం రండి" అన్నాను.

ఆవిడ భర్త వంక చూడలేదు. పుస్తకం మూసి, అట్ట మీద హీరో ఒక భుజం నుంచి రెండో భుజం దాకా, మొహం మీదుగా, పేరు పూర్తిగా రాసింది. చివరి గీత సన్నబడి గాలిలోకి లేచింది. నా వెనక నిలబడ్డవాళ్ళు తమ పుస్తకాలు తెరిచి, జనం ఉన్న పేజీ ఎక్కడుందో వెతుక్కోవడం మొదలుపెట్టారు.